రాడ్‌బర్న్ భుజబలము - పాచికల ఆటలో న్యాయము

ఒక్క సంవత్సరపు పరిశ్రమచే అమెరికా బేస్‌బాల్ చరిత్రలో శాశ్వతకీర్తి నార్జించినవాడు చార్లెస్ రాడ్‌బర్న్. అతడు 1854వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టరు నగరమున జన్మించెను. తండ్రి ఇంగ్లండు నుండి వలసవచ్చిన మాంసవిక్రేత. కుటుంబము ఇల్లినాయి రాష్ట్రమందలి బ్లూమింగ్టనులో స్థిరపడగా, బాలుడచ్చటనే పెరిగెను. 1881లో అతడు ప్రావిడెన్సు నగరపు గ్రేస్ జట్టున చేరెను.

క్రికెట్టున బౌలరు ఎట్టివాడో, బేస్‌బాల్‌లో పిచ్చరు అట్టివాడు. కాని క్రికెట్టులో ఓవరు ముగియగానే బంతి మఱియొకని చేతికి పోవును. బేస్‌బాల్‌లో మార్చువఱకు ఒక్కడే విసరుచుండవలెను. ఆ కాలమున జట్టునకు ముఖ్యమైన పిచ్చర్లు ఒకరిద్దరు మాత్రమే. ఆరంభించినవాడే తొమ్మిది ఇన్నింగ్సులను ముగించుట పరిపాటి. అప్పటి విసరు దూరము 50 అడుగులు. 60 అడుగుల 6 అంగుళముల దూరము 1893లోగాని ఏర్పడలేదు.

1884లో గ్రేస్ జట్టునందు రాడ్‌బర్న్‌తోపాటు చార్లీ స్వీనీ అను యువకుడు విసరుచుండెను. జూన్ 7వ తేదీన ఒక్క పోటీలోనే పందొమ్మిదిమందిని స్ట్రైకౌట్ చేసి అతడు పేరొందెను. ఇరువురకును పొసగలేదు. జూలైలో యాజమాన్యము రాడ్‌బర్న్‌ను శిక్షించి ఆటనుండి తప్పించెను. ఇంతలో స్వీనీ మేనేజరుతో వివాదపడి జట్టును వీడెను. జట్టు రద్దగునేమో యను స్థితి ఏర్పడెను. అప్పుడు రాడ్‌బర్న్ మిగిలిన పోటీల భారమును తానే వహింతునని ముందుకు వచ్చెను. ఆ కాలపు ఒడంబడికలు ఆటగానిని యజమానికి కట్టివేయుచుండెను. కనుక ఏడాది చివర తనకు స్వేచ్ఛ నొసగవలెనని అతడు షరతు పెట్టెను.

ఆ సంవత్సరము అతడు 73 పోటీలను ఆరంభించి, ఆ 73ను తానే ముగించెను. విసరిన ఇన్నింగ్సులు 678. జట్టు గెలిచిన 84 పోటీలలో 59 అతనివే; కొందఱి లెక్కలో 60. అక్టోబరులో న్యూయార్కు మెట్రోపాలిటన్సు జట్టుపై వరుసగా మూడు దినములు విసరి మూడింటను గెలిచెను. కాని ఉదయమున తల దువ్వుకొనుటకైనను చేయి లేచెడిది కాదని చెప్పుదురు. జనులతనిని 'ముసలి గుఱ్ఱము' అను అర్థమున ఓల్డ్ హాస్ అని పిలిచిరి.

ఈ అంకెలే తరువాతి కాలపు వినోదమున ఒక చిక్కును తెచ్చిపెట్టినవి. 1951లో రిచర్డ్ సైట్జ్ ఆప్బా అను ఆటను, 1961లో హాల్ రిచ్‌మన్ స్ట్రాట్-ఓ-మాటిక్ అను ఆటను వెలువరించిరి. వీనియందు ఆటగాడు ఒక ఏడాదిలో చూపిన ప్రతిభను గణించి అతని పేర కార్డును తయారుచేయుదురు. పాచికలు వేసి, కార్డును చూచి ఫలితమును నిర్ణయింతురు. కార్డునకు భుజము లేదు, నొప్పియు లేదు. కావున నియమమేదియు లేకున్న, ఆడువారు తమ శ్రేష్ఠుడైన పిచ్చరును ప్రతిదినమును దింపుదురు. అందులకే విశ్రాంతి నియమము లేర్పడినవి.

నేటి పిచ్చరు ఒకమాఱు ఆరంభించిన పిమ్మట నాలుగైదు దినములు విశ్రమించును. ఈ నియమమునే రాడ్‌బర్న్ కార్డునకు వర్తింపజేసినచో 73 పోటీలు అసంభవములు; చరిత్ర అసత్యమగును. నియమమును తొలగించి నేటి జట్టుపై అతనిని నిత్యము దింపినచో ఆట అన్యాయమగును. 1884 నాటి జట్లు తమలో తాము ఆడునపుడు అందఱికిని ఆనాటి పద్ధతినే పాటించుట సత్యమునకును న్యాయమునకును తగినది. భిన్నకాలముల జట్లు తలపడునపుడు మాత్రము ఉభయులకును ఒక్కటే విశ్రాంతి ఉండవలెను. 50 అడుగుల దూరమునుండి సాధించిన శ్రమసంఖ్యను 60 అడుగుల లెక్కలోనికి అట్లే తీసికొనరాదు.

రాడ్‌బర్న్ 1891 వఱకు ఆడి బ్లూమింగ్టనునకు మరలెను. వేటలో తుపాకి ప్రమాదమున ఒక కన్ను పోగొట్టుకొనెను. ఆరోగ్యము క్షీణించి 1897 ఫిబ్రవరి 5వ తేదీన, నలువదిరెండేండ్లకే మరణించెను. 1939లో బేస్‌బాల్ కీర్తిమందిరమున అతనికి స్థానము లభించెను. కార్డు మాత్రము ఎన్నడును అలయదు. అతని భుజము అనుభవించిన అలసటను కార్డునకు కల్పించుటయే విశ్రాంతి నియమము చేయు పని.