భిన్నాలను చేతికందించిన మాంటిస్సోరి

మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే ప్రాథమిక పాఠశాల విద్యార్థులు పలువురు నాలుగో వంతే పెద్దదని బదులిస్తారు. మూడు కంటే నాలుగు పెద్ద సంఖ్య కావడమే ఇందుకు కారణం. నల్లబల్లపై లవ హారాలు ఎన్నిసార్లు రాసినా తొలగని ఈ అపోహను తొలగించేందుకు భిన్నాలనే పిల్లల చేతికందించిన విద్యావేత్త డాక్టర్ మరియా మాంటిస్సోరి.

ఇటలీలోని కియారవల్లెలో 1870 ఆగస్టు 31న ఆమె జన్మించారు. ఆడపిల్లలకు ఉన్నత విద్య అరుదైన ఆ రోజుల్లో సాంకేతిక పాఠశాలలో చదివారు. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందారు. మానసిక వైకల్యం గల బాలలకు సేవలందిస్తూ ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగాన్‌ల రచనలను అధ్యయనం చేశారు. చేతితో తాకి తెలుసుకున్న విషయం మనసులో నిలుస్తుందని గ్రహించారు. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో పేదవాడలో బాలల గృహాన్ని ప్రారంభించారు.

భిన్నాల బోధనకు ఆమె రూపొందించిన సాధనం సరళమైనది. పది లోహపు చట్రాల్లో ఒకే కొలత గల పది వృత్తాలుంటాయి. మొదటిది అఖండం. మిగిలినవి వరుసగా 2 నుంచి 10 సమాన భాగాలుగా విభజించినవి. ప్రతి ముక్కకూ పట్టుకొనేందుకు చిన్న పిడి ఉంటుంది. అర ముక్క తీసిన చోట రెండు పావు ముక్కలు సరిగ్గా ఇముడుతాయి. మూడో వంతుపై నాలుగో వంతును ఉంచితే ఏది పెద్దదో పిల్లవాడికి ఎవరూ చెప్పనవసరం లేదు. తప్పు చేస్తే ముక్క చట్రంలో ఇమడదు. దిద్దేందుకు బెత్తంతో పనిలేదు. గణిత బోధనపై ఆమె గ్రంథం 1934లో స్పెయిన్‌లో వెలువడింది.

ముస్సోలినీ ప్రభుత్వంతో విభేదించి స్వదేశాన్ని వీడిన ఆమెను 1936లో అంతర్యుద్ధం స్పెయిన్ నుంచీ తరిమింది. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939లో కుమారుడు మారియోతో కలిసి మద్రాసులోని అడయారుకు చేరుకున్నారు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించి, ఆమె కదలికలపై ఆంక్షలు విధించింది. ఆమె 70వ జన్మదినం నాటికి కుమారుడిని విడిచిపెట్టింది. ఆ కష్టకాలంలోనూ ఉపాధ్యాయులకు శిక్షణ ఆగలేదు. అడయారు, కొడైకెనాల్‌లలో కొనసాగిన ఆమె 1946లో ఐరోపాకు తిరిగివెళ్లారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

తెలుగునాట పట్టణాల్లో మాంటిస్సోరి పేరుతో బడులు కనిపిస్తాయి. అయితే ఆమె ఆశయం పేరు పలకపై గాక పిల్లల చేతుల్లో నెరవేరాలి. లోహపు వృత్తాలు కొనే స్తోమత లేని బడిలోనూ దళసరి అట్టను గుండ్రంగా కత్తిరించి సమభాగాలు చేస్తే అర, పావు, ముప్పావు పిల్లలకు కళ్లెదుటే సాక్షాత్కరిస్తాయి.