జోసెఫ్ విట్‌వర్త్

సర్ జోసెఫ్ విట్‌వర్త్ (డిసెంబరు 21, 1803 - జనవరి 22, 1887) ఇంగ్లండు దేశానికి చెందిన ఇంజనీరు, యంత్రనిర్మాత మరియు దాత. బోల్టుల, నట్టుల మరలకు దేశమంతటికీ ఒకే ప్రమాణము ఉండవలెనని ప్రతిపాదించి, దానిని సాధించిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. పాత మోటారు పానాలపై కనిపించే డబ్ల్యు అనే అక్షరము ఈయన పేరుకు గుర్తు.

బాల్యము, శిక్షణ

విట్‌వర్త్ స్టాక్‌పోర్టు పట్టణములో జన్మించాడు. తండ్రి చార్లెస్ ఉపాధ్యాయుడు, తరువాత క్రైస్తవ మతబోధకుడు. పద్నాలుగవ యేట జోసెఫ్‌ను డెర్బీషైరులో నూలు మిల్లు నడుపుతున్న బంధువు వద్ద పనికి కుదిర్చారు. వ్యాపారము కన్న అక్కడి యంత్రములే అతనిని ఆకర్షించాయి. మిల్లు విడిచి మాంచెస్టరులో మెకానిక్కుగా పనిచేసి, 1825లో లండను చేరి, ప్రఖ్యాత యంత్రనిర్మాత హెన్రీ మాడ్‌స్లే కార్ఖానాలో కుదిరాడు.

ఇనుప పలకలను ఖచ్చితమైన సమతలముగా చేయు పద్ధతిపై విట్‌వర్త్ విశేషముగా కృషి చేశాడు. రెండు పలకలను మాత్రమే సరిపోల్చితే ఒకటి ఉబ్బుగా, మరొకటి గుంటగా ఉండి కూడా అతుక్కుపోవచ్చు. మూడు పలకలను వంతులవారీగా సరిచూస్తే ఆ దోషము బయటపడుతుంది. అప్పుడు ఎత్తుగా ఉన్న చోట్లను గీకి సరిచేస్తారు.

మరల ప్రమాణము

1833లో విట్‌వర్త్ మాంచెస్టరులో సొంత కార్ఖానా స్థాపించాడు. ఆ రోజులలో ప్రతి కార్ఖానా తనకు తోచిన విధముగా మర కోసేది. ఒక బోల్టు పోయినచో యంత్రము చేసినవారినే ఆశ్రయించవలసి వచ్చేది. విట్‌వర్త్ అనేక కార్ఖానాల బోల్టులను సేకరించి, కొలిచి, వాటి సగటు ఆధారముగా 1841లో తన ప్రమాణమును ప్రకటించాడు. దీనిలో మర కోణము 55 డిగ్రీలు. పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 20 చుట్లు, అర అంగుళం బోల్టుకు 12 చుట్లు. రైల్వే కంపెనీలు దీనిని స్వీకరించడముతో అది బ్రిటన్ అంతటా, తరువాత భారతదేశముతో సహా దాని వలస రాజ్యములలో వ్యాపించింది.

పాత పానాలను గుర్తించుట

పానాపై 1/2 డబ్ల్యు అని ఉన్నచో దాని నోరు అర అంగుళము కాదు. ఆ అంకె బోల్టు మందమును తెలుపుతుంది. నోటి వెడల్పు సుమారు 23.4 మి.మీ. ఉంటుంది. ఏ.ఎఫ్. అని ఉన్నచో అంకె నోటి వెడల్పునే తెలుపుతుంది. కనుక 1/2 ఏ.ఎఫ్. పానా నోరు 12.7 మి.మీ. మాత్రమే. 1908లో వచ్చిన సన్న మర బోల్టులకు (బి.ఎస్.ఎఫ్.) తల కొంత చిన్నది. అందువలన ఒకే పానాపై 7/16 డబ్ల్యు, 1/2 బి.ఎస్. అని రెండు గుర్తులు ఉండవచ్చు. అక్షరములు లేక 10, 12, 14 వంటి పూర్ణాంకములే ఉన్నచో అవి సాధారణముగా మిల్లీమీటర్లు.

మార్కాపురం, గిద్దలూరు వంటి పట్టణములలో పాత ఇనుప కొట్టు నుండి తూకానికి పానాలు కొనువారికి ఈ భేదము తెలియడము అవసరము. 1/4 డబ్ల్యు పానా నోరు సుమారు 13.3 మి.మీ. ఆ నట్టుకు 13 పానా ఎక్కదు. 14 పానా వదులై మూలలను అరగదీస్తుంది. పాత ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారు సైకిళ్ళలో బ్రిటిషు అంగుళాల మరలు ఉండేవి. తొలి అంబాసిడరు కార్లకు ప్రధానముగా ఏ.ఎఫ్. పానాలు కావాలి. గుర్తు చెరిగిపోయినచో నోటిని వెర్నియరుతో కొలిచి నిర్ణయించవచ్చు. అయితే వాడుకలో నోరు సాగిన పానా కొలత కొంత ఎక్కువ చూపుతుంది.

ఇతర విషయములు, మరణము

విట్‌వర్త్ షడ్భుజాకార రంధ్రము గల రైఫిలును రూపొందించాడు. గురిలో మేటి అయినా, బ్రిటిషు సైన్యము దానిని ప్రధాన ఆయుధముగా స్వీకరించలేదు. 1868లో యువ ఇంజనీర్లకు ఉపకార వేతనములు ఏర్పాటు చేశాడు. 1869లో బారోనెట్ బిరుదు లభించింది. 1887లో మాంటీ కార్లోలో మరణించాడు. ఆయన సంపదలో అధిక భాగము మాంచెస్టరులోని ప్రజాసంస్థలకు చెందింది.

1948లో అమెరికా, బ్రిటన్, కెనడాలు 60 డిగ్రీల ఉమ్మడి మరను అంగీకరించాయి. ఆ తరువాత మెట్రిక్ పద్ధతి కూడా వ్యాపించి విట్‌వర్త్ బోల్టులు అరుదైపోయాయి. అయితే మన ఇళ్ళలోని జి.ఐ. నీటి గొట్టముల మర నేటికీ విట్‌వర్త్ నిర్ణయించిన 55 డిగ్రీల కోణములోనే ఉంటుంది.