జాన్ వెస్లీగారు సంఘము నోట నుంచని కీర్తనలు

చదువవలసిన వేదభాగములు: 137వ కీర్తన, 145వ కీర్తన, రోమా 9వ అధ్యాయము



సిద్దిపేట ప్రక్కనున్న ఒక పల్లెలో కుటుంబ ప్రార్థన జరుగుచుండగా ఒక చిన్నవాడు 137వ కీర్తన చదివెను. బబులోను నదులయొద్ద కూర్చుండి ఏడ్చిన సంగతి మొదలుకొని చక్కగా చదువుచు వచ్చి, చివరి వచనము కాడికి రాగానే ఆగిపోయెను. శత్రువుల పసిపిల్లలను పట్టి బండకు కొట్టువాడు ధన్యుడని అక్కడ వ్రాయబడియున్నది. మనుమరాలిని ఒడిలో పెట్టుకొని కూర్చున్న ఒక అవ్వ, ఇదియు దేవుని మాటయేనా యని నన్నడిగెను. ప్రార్థన నడిపించుచున్న నాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. మరల వచ్చినప్పుడు చెప్పెదనని ఇంటికి వచ్చితిని.

అవ్వ అడిగిన ప్రశ్న పాతది. మన ప్రాంతమునకు సువార్త తెచ్చిన మిషనుకు మూలపురుషుడైన జాన్ వెస్లీగారు 22 ఏండ్ల వయస్సున ఇట్టి ప్రశ్ననే తన తల్లిని అడిగిరి. 81 ఏండ్ల వయస్సున దానికి తన చేతితోనే ఒక జవాబు చేసి చూపిరి. ఆ రెంటి నడుమ ఏమి జరిగినదో ఈ నెల చెప్పుకొందము.

వెస్లీగారు 1703వ సంవత్సరము జూన్ 17వ తేదీన ఇంగ్లండులోని ఎప్వర్త్ అను గ్రామమున జన్మించిరి. తండ్రి సామ్యూలుగారు ఆ ఊరి గురువు. తల్లి సుసన్నాగారు 19 మంది బిడ్డలను కనిన తల్లి. వారిలో ఇంచుమించు సగము మంది పసితనముననే మట్టిలో కలిసిరి. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి గురువుగారి ఇంటికి నిప్పంటుకొనెను. అది గడ్డికప్పు ఇల్లు. గడ్డికప్పు అంటుకొనిన యెడల ఎంతసేపు నిలుచునో మన పల్లెలవారికి చెప్పనక్కరలేదు. పిల్లలందరు బయటికి వచ్చిరి గాని అయిదేండ్ల జాన్ పైగదిలో చిక్కుకొనెను. నిచ్చెన తెచ్చుటకు వేళ లేనందున ఒకడు గోడకానుకొని నిలువగా, మరియొకడు అతని భుజములమీది కెక్కి కిటికీలోనుండి బాలుని లాగెను. వెనువెంటనే కప్పు కూలెను. ఆ బిడ్డను దేవుడు ఏదో పనికై మిగిల్చెనని తల్లి తలంచి, అతని ఆత్మ విషయమై మరి యెక్కువ శ్రద్ధ వహించెను.

1725లో వెస్లీగారు ఆక్స్ఫర్డులో చదువుచు గురుత్వాభిషేకమునకు సిద్ధపడుచుండిరి. అప్పుడు ఆయన మనస్సున ఒక ముల్లు నాటుకొనెను. దేవుడు యాకోబును ప్రేమించి ఏశావును ద్వేషించెనని రోమా పత్రిక 9వ అధ్యాయమున నున్నది; కవలలు ఇంకను పుట్టకమునుపే, మేలైనను కీడైనను చేయకమునుపే ఎన్నిక జరిగెనని యున్నది. కుమ్మరి ఒకే ముద్దలోనుండి ఘనమైన పాత్రను, ఘనహీనమైన పాత్రను చేయునని యున్నది. కాబట్టి కొందరిని పరలోకమునకును తక్కినవారిని నరకమునకును దేవుడు జగత్తు పుట్టకమునుపే నిర్ణయించెనని బోధించు పండితులు ఆ దేశమున అనేకులుండిరి. అట్లయిన దేవుని న్యాయమేమాయెను, కనికరమేమాయెనని కుమారుడు తల్లికి ఉత్తరము వ్రాసెను. సుసన్నాగారు అట్టి బోధ తనకు అసహ్యమని, అది పరిశుద్ధుడైన దేవునినే పాపమునకు కారకునిగా చేయునని జవాబు వ్రాసిరి. పండిత సభలు తేల్చలేని సంగతిని బిడ్డలను పాతిపెట్టిన ఒక తల్లి వంటింటి పనుల నడుమ తేల్చి వ్రాసెను.

తరువాత ఆయన గురువైరి. 1735లో జార్జియా దేశమునకు మిషనరీగా వెళ్లి, రెండేండ్లకే భగ్నమనస్కులై తిరిగివచ్చిరి. 1738 మే 24వ తేదీన లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటములో ఆయన హృదయము వెచ్చబడిన సంగతి మీరు ప్రసంగములలో అనేకసార్లు వినియున్నారు గనుక దానిని విడిచి ముందుకు పోవుదును.

1739లో జార్జి విట్‌ఫీల్డుగారు బ్రిస్టలు పట్టణమునకు వెస్లీగారిని పిలిచిరి. ఈయన ఆక్స్ఫర్డు నాటి స్నేహితుడు, గొప్ప స్వరము గల ప్రసంగీకుడు. గుడి గడప తొక్కని బొగ్గుగని కూలీలకు బయలులో నిలిచి వాక్యము చెప్పుట వెస్లీగారు ఆయనయొద్దనే నేర్చుకొనిరి. కాని ఎన్నికను గూర్చిన బోధలో వారిద్దరికి పొత్తు కుదరలేదు. ఆ యేడు ఏప్రిల్ నెలలో వెస్లీగారు చీట్లు వేసి దేవుని చిత్తమడిగి, రోమా 8వ అధ్యాయము 32వ వచనముమీద ప్రసంగించిరి. దేవుడు తన సొంత కుమారుని అందరికొరకు అప్పగించెనని చెప్పు వచనమది. ఆ ప్రసంగ సారమేమనగా, ఏ వచనమునకైనను దేవుడు సాతానుకంటె క్రూరుడను అర్థము చెప్పరాదు. అట్టి అర్థము చెప్పుటకంటె, దీని అర్థము నాకు తెలియదని ఒప్పుకొనుట మేలు. దేవుడు ప్రేమాస్వరూపియనియు, ఆయన కనికరములు ఆయన సమస్త కార్యములమీద నున్నవనియు లేఖనమంతయు కలిసి సాక్ష్యమిచ్చుచుండగా, ఒంటిగానున్న ఒక కఠిన వచనమును తీసికొని ఆ సాక్ష్యమును కొట్టివేయరాదు.

ఈ ప్రసంగమును అచ్చు వేయవద్దని విట్‌ఫీల్డుగారు బ్రతిమాలిరి. ఆయన ఆగస్టులో అమెరికాకు ఓడ యెక్కిన తరువాత వెస్లీగారు దానిని అచ్చు వేయించిరి. స్నేహితుడు సముద్రము దాటువరకు ఆగి ఆ పని చేయుట నాకు నచ్చలేదు. పెద్దవారి తప్పును తప్పనియే చెప్పవలెను. 1740 డిసెంబరులో విట్‌ఫీల్డుగారు జార్జియానుండి జవాబు వ్రాసిరి. ఆయన వాదము త్రోసివేయదగినది కాదు. కుమ్మరిని మట్టి ప్రశ్నింపరాదని, మన మనస్సుకు నచ్చిన వచనమునే దేవుని వాక్యమనుకొనిన యెడల మనమే దేవునికి కొలబద్ద అగుదుమని ఆయన భయము. ఈ భయము భక్తిగలదే. చేదుగానున్న ప్రతి వచనమును ప్రక్కకు నెట్టుట మొదలుపెట్టినవాడు కొన్నాళ్లకు తనకు బుద్ధి చెప్పు వచనములను కూడ నెట్టివేయును. ఇట్లు ఆ ఉజ్జీవము రెండు పాయలుగా చీలిపోయెను. ఆ తరువాత వారిద్దరు సమాధానపడిరి గాని పాయలు మరల కలియలేదు. 1770లో విట్‌ఫీల్డుగారు అమెరికాలో మరణించినప్పుడు లండనులో ఆయన జ్ఞాపకార్థ ప్రసంగము చేసినవారు వెస్లీగారే.

అయితే ఈ వాదము పండితులదేగాని కూలివారికి దీనితో పనిలేదని తలంచవద్దు. జార్జియాలో మొదట బానిసలను ఉంచుకొనుట నిషేధము. విట్‌ఫీల్డుగారు అక్కడ బెతెస్ద అను అనాథ శరణాలయము కట్టించియుండిరి. దానికి భూములుండెను, సేద్యమునకు మనుష్యులు కావలసియుండిరి. బానిసత్వమును అనుమతింపవలెనని ఆయన అడిగినవారిలో నొకడు. 1751లో అనుమతి వచ్చెను. అబ్రాహామునకు వెండితో కొనబడిన దాసులుండిరి గదా యని ఆయన వ్రాసికొనెను. అన్యజనులలోనుండి దాసులను కొనవచ్చునని లేవీయకాండము 25వ అధ్యాయము చెప్పుచున్నది గనుక ఆ వాదమునకు వచనముల కరవు లేదు. వేలమందిని ఏడిపించి ప్రభువునొద్దకు నడిపించిన ఆ భక్తుడు చనిపోవునప్పుడు తన బానిసలను ఆస్తితోపాటు ఒక దొరసానికి వ్రాసి యిచ్చెను.

వెస్లీగారు 1774లో బానిసత్వమునకు విరోధముగా ఒక చిన్న పుస్తకము వ్రాసిరి. అందులో ఒక వింత యున్నది. తాను ఒకే గ్రంథపు మనిషినని చెప్పుకొనిన ఆయన, ఇక్కడ బైబిలును కాసేపు ప్రక్కనుంచి, ఈ వ్యాపారము అన్యులు సహితము ఎరిగిన న్యాయమునకు, దయకు సరిపడునా యని అడిగెను. ఆఫ్రికా తీరమున మనుష్యులను ఎట్లు పట్టుచున్నారో, ఓడలలో ఎట్లు కుక్కుచున్నారో, తోటలలో ఎట్లు కొట్టుచున్నారో వివరముగా వ్రాసి, ఇది న్యాయమా యని ఓడ నాయకుని, వర్తకుని, తోట యజమానిని పేరుపేరున నిలదీసెను. బైబిలును ఎందుకు ప్రక్కనుంచెను? నా తలంపేమనగా, ఎదుటివారి చేతిలో వచనములున్నవి. వచనమునకు వచనము తగిలించి పోట్లాడుచు కూర్చున్న యెడల ఆ వాదము తెల్లవారువరకు తెగదు, ఈలోగా ఓడలు నడుచుచునే యుండును.

ఇక కీర్తనల సంగతి. 1784 నాటికి అమెరికా స్వతంత్ర దేశమాయెను. అక్కడి మెథడిస్టు సంఘములకు బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము ఇచ్చుటకు అభిషిక్తులైన గురువులు చాలక పోయిరి. వెస్లీగారు తామస్ కోకుగారిని, మరి యిద్దరిని ప్రత్యేకించి పంపుచు, ఇంగ్లండు సంఘపు ప్రార్థన పుస్తకమును కుదించి ఒక ఆరాధన క్రమమును వారి చేతికిచ్చెను. ఇంగ్లండు సంఘమున 150 కీర్తనలను ఉదయ సాయంకాలములు నెలకొకసారి పూర్తిగా చెప్పు ఆచారము కలదు. వెస్లీగారు ఆ వరుసను తిరుగవ్రాసిరి. 30 కంటె ఎక్కువ కీర్తనలను పూర్తిగా తీసివేసిరి. మరి యనేకములలో కొన్ని వచనములు కోసివేసిరి. క్రైస్తవ సంఘము నోట పలుకదగనివి గనుక తీసితినని పీఠికలో దాపరికము లేక వ్రాసిరి. తీసివేసిన వాటన్నిటియందు శాపములే యున్నవని కాదు. అయితే శత్రువు భార్య విధవ కావలెననియు, పిల్లలు బిచ్చమెత్తవలెననియు కోరు 109వ కీర్తన అందులో నున్నది. మా అవ్వ అడిగిన 137వ కీర్తనయు నున్నది.

ఇక్కడ ఒక భేదము గమనింపుడి. ఆయన ఆ కీర్తనలను బైబిలులోనుండి చింపలేదు. అంతకు ఇరువదేండ్లకు ముందు పాతనిబంధన అంతటికి ఆయన వ్యాఖ్యానము ప్రకటించిరి, అందులో ఇవియు నున్నవి. గ్రంథమున చదువుట వేరు, చేతులు జోడించి నా ప్రార్థనగా పలుకుట వేరు. శత్రువులను ప్రేమించుడని ప్రభువు చెప్పిన మాట విని, ఆ వెంటనే లేచి నిలిచి, వారి బిడ్డలను బండకు కొట్టుమని సంఘమంతయు ఏకకంఠముగా పలుకుట ఆయనకు సహింపరానిదాయెను.

ఇంతవరకు నేనాయనతో నున్నాను. ఆ పైన నాకొక మాట యున్నది. వెస్లీగారు ఎన్నడును చెరపట్టబడినవాడు కాడు. 137వ కీర్తన పాడినవారి పట్టణము కాల్చబడెను. వారి రాజు కన్నుల యెదుటనే అతని కుమారులను చంపి, పిమ్మట ఆ కన్నులు పెరికిరని రాజుల రెండవ గ్రంథము 25వ అధ్యాయము చెప్పుచున్నది. అది కడుపు కాలినవారి కేక. మన పెద్దలు నిజాము కాలమున దొరల గడీలలో వెట్టి చేసిరి. కూలి లేదు, అడుగుటకు నోరు లేదు. అట్టివారు తమలో తాము దొరను శపింపక యుండిరని ఎవడు చెప్పగలడు? ఆ శాపమును కత్తిగా చేసికొనక దేవుని యెదుట కక్కివేయుటకు ఒక చోటు గ్రంథములోనే యున్నదని తెలిసినప్పుడు అది వారికి ఆదరణయే గదా. కాబట్టి సంఘారాధనలో వద్దనిన వెస్లీగారి మాట సరియే గాని, ఒంటరిగా ఏడ్చువాని చేతినుండి ఆ కీర్తనను లాగికొనకూడదని నా మనవి.

కనాను దేశమున యెహోషువ చేసిన సంహారమును గూర్చి అడిగెదరేమో. ఆ విషయమున వెస్లీగారియొద్ద మనకు క్రొత్త వెలుగు దొరకదు. తన వ్యాఖ్యానమున ఆయన ఎక్కువగా మాత్యూ హెన్రీ, మాత్యూ పూల్ అను పూర్వ పండితులనే అనుసరించిరి. ఏశావు విషయమున అడిగిన ప్రశ్నను యెరికో పసిపిల్లల విషయమున ఆయన అంత గట్టిగా అడుగలేదు. అడిగియుండవలసినది.

ఆ ఆరాధన పుస్తకము అమెరికాలో ఎక్కువ కాలము నిలువలేదు. అక్కడివారికి చూచి చదువు ప్రార్థనలకంటె పాటలు, ప్రసంగములు ప్రియము. వెస్లీగారు మరణించిన మరుసటి యేడే, 1792లో, దానిని ప్రక్కన పెట్టిరి. దానిని మోసికొనిపోయిన కోకుగారు ముసలితనమున సింహళమునకు మిషనరీలను వెంటబెట్టుకొని బయలుదేరి, 1814లో దారిలోనే మరణించి సముద్రములో సమాధి చేయబడిరి. ఆయనతో వచ్చినవారు సింహళము చేరిరి. 1817లో ఆ మిషను చెన్నపట్టణమున మొదలాయెను. ఆ శతాబ్దపు చివరి పాదమున సికింద్రాబాదునకు, అక్కడనుండి మెదకు, సిద్దిపేటలకు వచ్చెను.

మొన్న ఆ పల్లెకు మరల వెళ్లి ఈ కథ అవ్వకు చెప్పితిని. ఆమె చాలసేపు విని, ఆ వచనము తన నోట రాదనియు, అయితే ఏడ్చినవాళ్ల మాట గనుక పుస్తకములో ఉండనిమ్మనియు అనెను. చిన్నవానిని ఆ వచనము చదువుమని నేను బలవంతము చేయలేదు.

వెస్లీగారు ఇంచుమించు ఏబది యేండ్లు గుఱ్ఱముమీదను బండిమీదను తిరిగి బోధించిరి. 1791 ఫిబ్రవరి 24వ తేదీన, మరణమునకు ఆరు దినములు ముందు, పార్లమెంటులో బానిస వ్యాపారముతో పోరాడుచున్న విల్బర్‌ఫోర్సుగారికి ధైర్యము చెప్పుచు ఉత్తరము వ్రాసిరి. మార్చి 1వ తేదీన పడకమీదనుండి, ఐజక్ వాట్సుగారు 146వ కీర్తననుబట్టి కట్టిన పాటను ఎత్తుకొని పాడిరి. బాధపరచబడినవారికి న్యాయము తీర్చువాడని, ఆకలిగొనినవారికి ఆహారమిచ్చువాడని, విధవరాండ్రను తండ్రిలేనివారిని ఆదరించువాడని దేవుని స్తుతించు కీర్తన యది. మరునాడు ఉదయమున, 87 ఏండ్ల వయస్సున, లండనులో ప్రభువునందు నిద్రించిరి.