చేసి చూసి నేర్చుకున్న ఫారడే

ఈసారి మన గోడపత్రికలో మైకేల్ ఫారడే జీవితం రాస్తున్నాను. చివర్లో రెండు ప్రయోగాలు ఉన్నాయి, తప్పక చేయండి.

ఫారడే 1791 సెప్టెంబరు 22న ఇంగ్లండు దేశంలో, లండన్ పక్కన ఒక పేద ఇంట్లో పుట్టాడు. తండ్రి కమ్మరి. ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు, పని సరిగ్గా సాగేది కాదు. 1801లో తిండిగింజల ధరలు పెరిగినప్పుడు ఫారడేకి వారం మొత్తానికి ఒక్క రొట్టె ఇచ్చేవారట. బడిలో చదవడం, రాయడం, కొంచెం లెక్కలు నేర్చుకున్నాడు. అంతటితో బడి అయిపోయింది.

14 ఏళ్ళ వయసులో, అంటే మన తొమ్మిదో తరగతి వాళ్ళ వయసులో, 1805లో ఒక పుస్తకాల దుకాణంలో బైండింగు పని నేర్చుకోడానికి చేరాడు. ఏడేళ్ళు ఆ పని చేశాడు. బైండింగుకి వచ్చిన పుస్తకాలను కుడుతూ చదివేవాడు కూడా. అలా చదివిన వాటిల్లో విద్యుత్తు గురించి ఉంది, రసాయన శాస్త్రం గురించి ఉంది. చదివి ఊరుకోలేదు. పుస్తకంలో రాసింది నిజమా కాదా అని సీసాలు, చవక సామాన్లు తెచ్చుకొని తనే చేసి చూసేవాడు.

ఆ ఊర్లో సాయంత్రం పూట సైన్సు ఉపన్యాసాలు జరిగేవి. ఒక్కోదానికి ఒక షిల్లింగు కట్టాలి. ఆ డబ్బులు వాళ్ళ అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. ఆ అన్న కూడా కొలిమి పనే చేసేవాడు. ఫారడే కథలో నాకు ఈ సంగతి బాగా గుర్తుండిపోయింది. మనలో కూడా చాలామందికి ఇంటి దగ్గర ఒక అన్నో అక్కో పనికి పోతేనే మనం ఇక్కడ చదువుకుంటున్నాం.

1812లో హంఫ్రీ డేవీ అనే పెద్ద శాస్త్రవేత్త ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా బొమ్మలతో సహా రాసి, తనే బైండింగు చేసి డేవీకి పంపించాడు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డేవీకి సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. ఆయనతో యూరప్ దేశాలు తిరిగినప్పుడు డేవీ భార్య ఫారడేని నౌకరులాగా చూసింది. ఆయన చాలా బాధపడ్డాడు గానీ నేర్చుకోవడం మాత్రం మానలేదు.

తీగలో కరెంటు పోతే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో తెలిసింది. అంటే కరెంటు నుండి అయస్కాంత శక్తి వస్తుంది. మరి అయస్కాంతం నుండి కరెంటు రాదా అని ఫారడే ఆలోచించాడు. మధ్యమధ్యలో ఎన్నిసార్లు చేసినా రాలేదు. 1831 అక్టోబరు 17న కాగితం గొట్టానికి రాగి తీగ చుట్టి, లోపలికి అయస్కాంతం తోశాడు. ముల్లు కదిలింది! బయటికి లాగితే రెండో వైపుకి కదిలింది. కదపకుండా ఉంచితే ఏమీ లేదు. అయస్కాంతం కదులుతుంటేనే కరెంటు పుడుతుందని అప్పుడు తేలింది. సీలేరు, మాచ్‌ఖండ్ పవర్‌హౌసుల్లో నీళ్ళు తిప్పేది ఇలాంటి అయస్కాంతాలనే.

ఫారడేకి పెద్ద లెక్కలు రావు. ఆయన చేతులతో చేసి, కళ్ళతో చూసి, రోజూ నోటుబుక్కులో రాసుకున్నాడు. 1832 నుండి నంబర్లు వేసి రాసిన పేరాలే 16,000కు పైగా ఉన్నాయి. ఆయన కనిపెట్టిన వాటిని తర్వాత మాక్స్‌వెల్ సమీకరణాలుగా రాశాడు. కాబట్టి లెక్కలు కూడా కావాలి. కానీ లెక్కలంటే భయపడే నాలాంటి వాళ్ళు సైన్సు మనది కాదు అనుకోకూడదు. చేసి చూడటం దగ్గర మొదలుపెట్టొచ్చు.

ఫారడేకి పిల్లలంటే ఇష్టం. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు 19 ఏడాదులు ప్రయోగాలు చేసి చూపించాడు. ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. సర్ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు. 1867 ఆగస్టు 25న చనిపోయాడు.

ఇక మన ప్రయోగాలు.

1. కొవ్వొత్తి: గాలి లేని చోట సారు ముందర చేయండి, జడలు వెనక్కి కట్టుకోండి. కొవ్వొత్తి కాసేపు వెలిగాక మెల్లగా ఊది ఆర్పండి. తెల్లటి పొగ లేస్తుంది. వెంటనే వెలిగే అగ్గిపుల్లని వత్తికి కొంచెం పైన, ఆ పొగలో పెట్టండి. మంట పొగ మీదుగా దిగి వత్తికి అంటుకుంటుంది. అంటే మైనం ఆవిరై మండుతోందన్నమాట.

2. కరెంటు: కాగితం గొట్టానికి వైండింగు తీగ కనీసం 200 చుట్లు చుట్టండి. తీగ కొసలను బ్లేడుతో గీకాలి, లేకపోతే కరెంటు పోదు. కొసలను గాల్వనామీటరుకు కలిపి, బార్ అయస్కాంతాన్ని లోపలికి, బయటికి గబగబా కదపండి.

మొదటిసారి నేను అయస్కాంతాన్ని లోపల పెట్టి అట్లాగే పట్టుకొని కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. నాకు రాదులే అనుకొని వదిలేశాను. ఫారడే గురించి చదివాక మళ్ళీ పోయి కదిపి చూశాను. కదిలింది!