నాడి వద్దు, ఊపిరి చూడు

మాది ఎల్లారెడ్డిపేట. ఇంజనీరింగ్‌కి వచ్చాక మనకి ల్యాబ్ గోడల మీద రోజూ కనిపించేది, మనం అస్సలు చదవనిది ఒకటుంది: ఎస్ఓపీ. అలాంటి ఒక పద్ధతి కోసం ఏళ్లకేళ్లు కొట్లాడిన డాక్టర్ ఒకాయన మన హైదరాబాద్‌లోనే ఉండేవాడు. పేరు ఎడ్వర్డ్ లారీ.

ఆపరేషన్లకి క్లోరోఫాం మత్తు 1847లో ఎడిన్‌బరోలో మొదలైంది. మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల, కాలిగోరు తీయించుకోవడానికి వచ్చి మత్తులోనే చనిపోయింది. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? మత్తు ఇచ్చే మనిషి కన్ను దేని మీద ఉండాలన్నది ఈ ప్రశ్న మీదే ఆధారపడింది.

లారీ ఎడిన్‌బరోలో సైమ్ శిష్యుడు. 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో ఆయన పద్ధతి చాలా సింపుల్. పేషెంటుని పడుకోబెట్టాలి. ఛాతీ మీద, పొట్ట మీద బిగుతు బట్టలు ఉండొద్దు. మత్తు ఇచ్చేవాళ్లు ఊపిరి ఒక్కటే చూడాలి. ఊపిరి ఇబ్బంది అయితే వెంటనే కింది దవడ ముందుకు లాగాలి. నాడి మాత్రం పట్టుకోవద్దు, దృష్టి అటు పోతుంది కాబట్టి. ప్రపంచంలో తొలి మహిళా అనస్థటిస్ట్ అని చెప్పే రూపాబాయి ఫర్దూన్జీ చదువుకున్నది ఈయన దగ్గరే.

1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే అని తేల్చింది. లండన్ పత్రిక లాన్సెట్ నమ్మలేదు. ఆ పత్రిక తరఫున ఒకరు వచ్చి చూసుకోవడానికి నిజాం సర్కార్ 1000 పౌన్లు ఇచ్చింది. అలా 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు, వందల జంతువుల మీద మళ్లీ పరీక్షించారు. జవాబు అదే వచ్చింది.

కానీ 1911లో లెవీ అనే డాక్టర్ పిల్లుల మీద ప్రయోగంలో ఇంకోటి చూపించాడు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు గుండె లయ తప్పి, ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అంటే లారీ చూడొద్దన్న చోట కూడా చావు ఉంది. 1915లో లారీ చనిపోయాడు.

1935లో అమెరికాలో బోయింగ్ మోడల్ 299 కూలింది, కంట్రోల్స్ తాళం తియ్యడం అనుభవమున్న పైలట్లే మర్చిపోయారు. పైలట్ల చెక్‌లిస్ట్ అక్కడి నుంచే పుట్టింది. ఆ లిస్టు మనం మర్చిపోయేదాన్ని గుర్తుచేస్తుంది. లారీ రూల్‌లో సగం కూడా అలాంటిదే: ఊపిరి చూడు, దవడ లాగు. ఆ సగం ఇప్పటికీ ప్రాణాలు కాపాడుతోంది. ఇంకో సగం మాత్రం చూసే కన్నుని మూసేసింది. ఇవాళ ఆపరేషన్ థియేటర్లో ఊపిరి, నాడి, ఆక్సిజన్ అన్నీ ఒకేసారి చూస్తారు.

రేపు మనలో ఎవరో ఒకరు బాయిలర్‌కో, సబ్‌స్టేషన్‌కో ఎస్ఓపీ రాస్తారు. ఇది చెయ్యి అని ఎంత గట్టిగా రాసినా పర్లేదు. ఇటు చూడొద్దు అని రాసే ముందు మాత్రం ఇంకోసారి పరీక్షించండి.