ప్యోత్ర్ స్తొలీపిన్

ప్యోత్ర్ అర్కాద్యెవిచ్ స్తొలీపిన్ (1862 ఏప్రిల్ 14 - 1911 సెప్టెంబరు 18) రష్యా సామ్రాజ్యపు ప్రధానమంత్రి, భూసంస్కర్త. ప్రాచీన కులీన వంశానికి చెందిన ఈయన సాక్సనీలోని డ్రెస్డెన్ నగరంలో జన్మించాడు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుండి ప్రకృతి శాస్త్రాలలో పట్టభద్రుడయ్యాడు.

గ్రోద్నో, సరాతోవ్ ప్రాంతాలకు గవర్నరుగా పనిచేసి, 1906లో మొదట అంతరంగిక వ్యవహారాల మంత్రిగా, తరువాత ప్రధానమంత్రిగా నియమితుడయ్యాడు. ఆ ఆగస్టులో విప్లవకారులు ఆయన వేసవి విడిదిపై బాంబులతో దాడి చేశారు. ఆయన ప్రాణాలతో బయటపడినా ఇరవై మందికి పైగా మరణించారు. ఆయన కుమార్తె, కుమారుడు గాయపడ్డారు. ఆ పిమ్మట నెలకొల్పిన సైనిక న్యాయస్థానాలు రెండు రోజులలోనే విచారణ ముగించి వందలాది మందికి మరణశిక్ష విధించాయి. ఉరితాటికి "స్తొలీపిన్ టై" అనే పేరు వచ్చింది.

1861లో అర్ధబానిసత్వం రద్దయినా రైతుల భూమి చాలావరకు గ్రామ సమష్టి ఆధీనంలోనే ఉండేది. 1906 నవంబరు శాసనం ద్వారా రైతు తన వాటాను సొంత ఆస్తిగా పొందే హక్కును స్తొలీపిన్ కల్పించాడు. సైబీరియాకు వలసలను ప్రోత్సహించాడు. అయితే 1907 జూన్‌లో రెండవ డ్యూమా రద్దయినప్పుడు ఎన్నికల చట్టాన్ని భూస్వాములకు అనుకూలంగా మార్చి, రైతుల ప్రాతినిధ్యాన్ని తగ్గించాడు.

1911 సెప్టెంబరు 14న కీవ్ నాటకశాలలో, జార్ రెండవ నికొలస్ హాజరైన ప్రదర్శనలో, ద్మీత్రి బొగ్రోవ్ ఈయనపై కాల్పులు జరిపాడు. నాలుగు రోజుల తరువాత మరణించిన స్తొలీపిన్‌ను కీవ్‌లోని పెచెర్స్క్ మఠంలో ఖననం చేశారు. ఆయన సంస్కరణలు పూర్తి కాకముందే 1914లో యుద్ధం, 1917లో విప్లవం వచ్చాయి.