మిషన్ల మనిషి రఘుపతి వెంకయ్య గారు

హైదరాబాదులో షేక్‌పేట దగ్గర ఫిల్మ్ నగర్ ఉంది కదా. అక్కడ రఘుపతి వెంకయ్య నాయుడు గారి విగ్రహం ఉంది. ఆయనను తెలుగు సినిమాకు పితామహుడు అంటారు. విగ్రహం ఉన్నదంటే యాక్టర్ కావచ్చు అనుకుంటరు. కాదు, ఆయన మిషన్ల మనిషి.

వెంకయ్య గారు మచిలీపట్నంలో పుట్టారు. చిన్న వయసులోనే మద్రాసు పోయి ఫోటో స్టూడియో పెట్టారు. అప్పుడు ఫోటో అంటే బటన్ నొక్కుడు కాదు. వెలుతురు ఎంత పడాలె, మందునీళ్ళలో ఎంతసేపు ఉంచాలె, అన్నీ కంటితో చూసి చేత్తో నేర్వాలె.

1910 ప్రాంతంలో స్టూడియో సామాను మీద 30,000 రూపాయలు పుట్టించి క్రోనోమెగాఫోన్ అనే మిషన్ విదేశం నుంచి తెప్పించారు. దీంట్ల బొమ్మలు రీలులో, పాట గ్రామఫోను పళ్ళెంలో వేరేగా ఉంటయి. రెండూ కలిపి నడపాలె. కొంచెం వెనకా ముందూ అయితే నోరు ఒక దిక్కు, పాట ఒక దిక్కు! ఆ మిషన్ పట్టుకొని బెజవాడ, బెంగుళూరు, శ్రీలంక, బర్మా తిరిగి డేరాలో ఆడించారు. దారిలో చెడిపోతే బాగుచేసే షాపు ఎక్కడుంటది? సినిమా నేర్పే కాలేజీ అప్పుడు మన దేశంలోనే లేదు.

తర్వాత మద్రాసులో గెయిటీ హాలు కట్టారు. కొడుకు ప్రకాష్ గారిని పని నేర్చుకోను లండన్ పంపారు. 1921లో భీష్మ ప్రతిజ్ఞ అనే మూకీ సినిమా తీశారు, డైరెక్టరు ప్రకాష్ గారే. వెంకయ్య గారు 1941లో చనిపోయారు.

టెక్నాలజీ ఉద్యోగం అంటే ఇంగ్లీషు గడగడ రావాలె, లెక్కల్లో నూటికి నూరు రావాలె, మనోళ్ళకు కాదు అని మా ఊర్ల అంటరు. ఆడపిల్లకు మిషన్లు ఎందుకు అని కూడా అంటరు. లెక్కలు వద్దని నేను అనను. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు అనేది కూడా లెక్కనే. కాని మా మామ ఇంగ్లీషు రాకుండనే ఊరి మోటార్లన్నీ బాగుచేస్తడు. ఇప్పుడు ఫిల్మ్ నగర్ సినిమాలకు కంప్యూటర్‌లో ఎలుగుబంటిని చేసేవాళ్ళకు, అది ఎట్ల నడుస్తదో చూసిన కన్ను కావాలె. ఎలుగును మనం చూసినం కదా.

పది అయినాక నేను పాలిసెట్ రాస్త. మా అవ్వ ఇంకా ఒప్పుకోలేదు. సంక్రాంతి సెలవుల్లో మళ్ళా అడుగుత.

– 9వ తరగతి